నలభై ఏడో నంబరు పట్టీ

రిటైరైన గార్డు తీతు గారి కారుకు బ్యాటరీ ఎంచాలంటే నూకరాజును మించిన మనిషి ఖరగ్‌పూర్‌లో లేడని తెలుగువాళ్లందరూ ఒప్పుకునేవారు. రైల్వే వర్క్‌షాప్ బ్యాటరీ సెక్షన్‌లో ఇరవై రెండేళ్లుగా సీసం కరిగించి పోత పోస్తున్నవాడు మరి. అంతకన్నా గొప్ప పేరు ఇంకొకటుంది అతనికి. మధ్యాహ్నం అన్నం డబ్బాలు మోసే పోలమ్మ ఖాళీ డబ్బాలతో బయటకు వస్తుంటే గేటు కాసే దర్వాన్ ఒక్కొక్కటీ విప్పి చూస్తాడు. నూకరాజు డబ్బా మాత్రం ముట్టుకోడు. "ఉన్‌కా? జానే దో" అంటాడు, ఆయనదా, పోనివ్వమని. ఆ మాట పోలమ్మ వచ్చి చెప్పినప్పుడల్లా నూకరాజుకు ప్రమోషన్ వచ్చినంత సంబరం.

తీతు గారిది ఎప్పుడో ఒక దొర అమ్ముకుని పోయిన మోరిస్ కారు. అది ఆదివారం చర్చికి చేరాలంటే సగం సంఘం వెనకనుంచి తొయ్యాలి. దానికి ఆరు ఓల్టుల బ్యాటరీ కావాలి, కొత్తది కలకత్తా నుంచి ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అందుకని అరవై మూడో సంవత్సరం వేసవిలో ఒక ఆదివారం ఇద్దరూ మలంచా రోడ్డు మీద, బ్యాటరీలు తనే కట్టి అమ్మే నిమాయ్ దుకాణానికి వెళ్లారు.

నిమాయ్ మూడు బ్యాటరీలు ముందు పెట్టాడు. నూకరాజు పెళ్లిచూపులకొచ్చిన మేనమామలా మొహం బిగించాడు. మొదటిదాని మూత చుట్టూ తారు బీటలు వారింది. రెండోదాంట్లోంచి గాజు గొట్టంతో ఆసిడ్ పీల్చి చూస్తే, లోపల తేలవలసిన బుడ్డి కాస్తా మునిగి కూర్చుంది.

"ఇది సచ్చినట్టే బాబూ," అన్నాడు.

మూడోదాని మీద అతని చెయ్యి ఆగింది. సెల్లునూ సెల్లునూ కలిపే సీసపు పట్టీలు నున్నగా, వెన్నముద్దల్లా ఉన్నాయి.

"ఇది తీసుకోండి. ఈ పోత పోసినోడెవడో గానీ, ఆడి సెయ్యి బంగారం!" అంటూ బొటనవేలితో పట్టీ మీది దుమ్ము తుడిచాడు.

కింద 47 అని ముద్ర ఉంది.

అది నూకరాజు సొంత నంబరే. పోసిన ప్రతి పట్టీ మీదా తను సుత్తితో కొట్టే ముద్ర. వర్క్‌షాప్ లారీల బ్యాటరీల మీద తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండకూడని ముద్ర. మళ్లీ తుడిచి చూశాడు. తుడిస్తే పోయేదా అది!

నిమాయ్ పకపకా నవ్వాడు. ఆ ఊళ్లో పుట్టినవాడు, తెలుగు దంచేస్తాడు.

"మీ మాల్‌ని మీరే మెచ్చుకుంటారా దాదా? ఏడాదిగా మీ పట్టీలే కదా వేస్తున్నాను! గోవిందరావు మీ ఇంటినుంచే తెస్తాడు."

గోవిందరావు నూకరాజు పక్క బల్ల మీద పనిచేసేవాడు. అన్నం తిన్నాక "నువ్వు కూకో అన్నా" అని నూకరాజు డబ్బా కూడా తనే కడిగి పోలమ్మకు అందించే మర్యాదస్తుడు.

అప్పటిదాకా నూకరాజు భుజం మీద ఉన్న చెయ్యి తీతు గారు మెల్లగా తీసేశారు.

"కలకత్తా నుంచి వచ్చేదాకా ఆగుదాంలే," అన్నారు.

నాను కాదు బాబూ అందామంటే పట్టీ మీద ముద్ర నూకరాజుదే. ముద్ర తనదైనవాడు దొంగలాగే కనిపిస్తాడు, ఏం చేస్తాం!

ఎండలో పడి ఇంటికొచ్చి, గడపలోనే నిలబడి భార్యను అడిగాడు. "గోవిందరావు మనింటి కాణ్నుంచి ఏటైనా అట్టుకెల్తన్నాడేటే?"

చిలకమ్మ చేతిలో చాట కింద పెట్టింది. వంగి, మంచం కిందనుంచి గుడ్డ మూట లాగింది. విప్పితే నాలుగు సీసపు పట్టీలు. నాలుగింటి మీదా 47.

"సుక్కురోరం నీ డబ్బా అడుగుగిన్నెలో ఒచ్చినాయి. అట్టుకెల్డానికి ఆడింకా రానేదు," అంది.

నూకరాజు డబ్బా తీసి అడుగుగిన్నెలోకి చూశాడు. దాన్ని రోజూ కడిగి మూసేది గోవిందరావే. దర్వాన్ విప్పని డబ్బా ఊరు మొత్తం మీద తనదొక్కటే. తన మంచి పేరే దొంగసరుకు మోసే బండి అయింది.

"నాకెందుకు సెప్పనేదే?"

"నువ్వే అంపుతున్నావనుకున్నాను మావా. 'అన్న కాడ ఈ మాట ఎత్తకు ఒదినా, సిగ్గుపడతాడు' అన్నాడు గోవిందరావు. నువ్వు సిన్నబోతావని నోరు మూసుకున్నాను."

"అంటే ఏడాదై నన్ను దొంగననుకున్నావా?"

చిలకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అనుకున్నాను. అనుకునే కూడెట్టినాను. నా మొగుడివి కాదేటి?"

నిమాయ్ నవ్వు ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. పరాయివాడైన దర్వాన్ నమ్మాడు, పాతికేళ్లు కాపురం చేసిన మనిషి నమ్మలేదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు అతనికి. దొంగ అనుకుని కూడా ఒక్క పూట మాట తూలలేదు, చారులో ఉప్పు తగ్గించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ నాలుగు పట్టీలూ అదే డబ్బా అడుగుగిన్నెలో పెట్టుకుని, చిలకమ్మను వెంటబెట్టుకుని గేటు దగ్గరకు నడిచాడు. ముద్ర తనది, డబ్బా తనది, ఉద్యోగం ఊడినా ఊడొచ్చునని అతనికి తెలుసు. దర్వాన్ ఎప్పటిలాగే నవ్వి, వెళ్లమని చెయ్యి ఊపాడు.

నూకరాజు కదల్లేదు. డబ్బా అతని బల్ల మీద పెట్టాడు.

"ఖోలో దాదా, ఇప్పు," అన్నాడు, చిలకమ్మను ముందుకు రమ్మని. "మా ఇంటిది సూడాల."