కుదురులేని ఇద్దరు

"కాకుల్ని తోలమని కూచోబెడితే కాకులకి వడ్డించిందమ్మా నీ కూతురు!" అన్నారు మా అత్తగారు వరలక్ష్మమ్మగారు.

ఆ రోజు వడియాలు పెట్టాం. నేనూ మా తోడికోడలు అక్కయ్యా పప్పు కడిగి, రుబ్బి, గుమ్మడికాయ తరిగి, ఎండెక్కేసరికి పెరట్లో నాలుగు చాపల నిండా పెట్టాం. పదహారుమంది తినే ఇల్లు. వడియాలు పెట్టిన చెయ్యి కడుక్కుని మళ్ళీ పొయ్యి దగ్గరికి పరిగెత్తాలి. అందుకని ఏడేళ్ళ నా కూతురు నరసాయమ్మ చేతికి కర్ర ఇచ్చి చాపల పక్కన కూచోబెట్టాను. తిరిగి వచ్చి చూస్తే ఒక చాప సగం ఖాళీ. పిల్ల నిద్రపోలేదు, ఆటకీ పోలేదు. కర్ర ఒళ్ళో పెట్టుకుని కళ్ళార్పకుండా కాకుల్నే చూస్తోంది.

"మనసెక్కడుందే నీకు?" అన్నారు అత్తగారు.

"అవి వంతులేసుకున్నాయి మామ్మా. రెండు తింటుంటే ఒకటి తినకుండా గోడమీద కూచుంటుంది. అది దిగితే ఇంకోటి పోయి కూచుంటుంది. మళ్ళీ మళ్ళీ చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు."

పెరట్లో వాళ్ళందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. ఒళ్ళో ఉన్న ఆ కర్రే తీసుకుని రెండు దెబ్బలు వేశాను. నా నడుం నొప్పంతా నా చేతిలోకి వచ్చింది. పిల్ల ఏడవకుండా నా మొహంలోకి చూసింది. తను చెప్పింది నాకు వినపడలేదేమో అనుకుందో ఏమో, "నిజం అమ్మా, వంతులే," అని మళ్ళీ చెప్పింది.

ఇది జరిగేనాటికి తెల్లదొరలు కట్టిన ఆనకట్ట నీళ్ళు మా పొలాలకు వచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. భీమవరం దగ్గర మా ఊళ్ళో మూడు పంటలు పట్టే గాదెలున్న ఇల్లు మాది. మా రాజుల ఇళ్ళలో ఆడవాళ్ళు అరుగుమీదికి రారు. నేను కాపరానికి వచ్చిన పదేళ్ళలో మా వీధి ఎటు తిరుగుతుందో కూడా నాకు తెలియదు. కానీ ఆ అరుగుమీద జరిగే చదువు మొత్తం నాకు తెలుసు. కామేశం పంతులుగారు రోజూ పొద్దున్న వచ్చి మా ఇంటి పిల్లలకీ, పాలివాళ్ళ పిల్లలకీ కలిపి చదువు చెప్పేవారు. అరుగుకీ సావిడికీ మధ్య తలుపు వారగా వేసి ఉండేది. ఆ తలుపు వెనక కూచుని నేను కూరలు తరిగేదాన్ని, బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని, చింతపండు పిక్కలు తీసేదాన్ని. చేతులకి పని ఉంటే చెవులు ఖాళీయే కదా. పుట్టింట్లో మా తాతగారు ఇసుకలో నాచేత నాలుగక్షరాలు దిద్దించారు. మిగతా చదువంతా ఆ తలుపు వెనకే వచ్చింది. నాకు చదువొచ్చని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

అరుగుమీద మా ఇంటి పిల్లలు ఇద్దరు. ఒకటి నరసాయి. రెండోవాడు మా బావగారి కొడుకు బంగార్రాజు. దానికన్నా ఏడాది పెద్ద. మావాళ్ళలో మగపిల్లవాడు ఉయ్యాల్లో ఉండగానే "గారు" అవుతాడు. పంతులుగారు కూడా వాణ్ణి బంగార్రాజుగారూ అనేవారు. ఇద్దరికీ కుదురు లేదు. కానీ వాడి కుదురులేనితనానికి ఒక పేరు, దీనికి ఇంకో పేరు. వాడు పాఠం మధ్యలో లేచి వీధిలోకి ఉరికితే, ఒకటి అడుగుతుంటే ఇంకోటి చెప్తే, పంతులుగారు మా మావగారితో, "మహా చురుకైన బాబండి. తెలివైన గుర్రం ఒకచోట నిలబడదు కదండి," అనేవారు. నరసాయి ఎక్కం చెప్పకుండా పరికిణీ అంచు దారాలు లెక్కపెట్టుకుంటూ ఉంటే, "ఆడపిల్లకి బుద్ధి నిలవటం లేదండి. ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే," అనేవారు. అబద్ధం చెప్పే మనిషి కాదాయన. ఆయనకి అలాగే కనిపించింది.

నాకు కనిపించేది కాదు, వినిపించేది. మూడో ఎక్కం నాలుగోసారి చెప్పిస్తుంటే నా కూతురి గొంతు అందరి గొంతుల్లోంచి జారిపోయేది. ఆ తర్వాత పక్క వరసలో పెద్దపిల్లలకి పంతులుగారు నోటిలెక్క ఇచ్చేవారు. "తూముకి నాలుగు కుంచాలు. ఏడు తూముల మూడు కుంచాల ధాన్యం ఉంది. ఎన్ని కుంచాలు?" పెద్దపిల్లలు వేళ్ళు మడుస్తూ ఉండగానే తలుపుకి ఆనుకుని కూచున్న నా కూతురు తనలో తను, "ముప్పయ్యొకటి," అనేది. ఎవరికోసమూ కాదు. ఆ లెక్క దాన్ని అడగలేదు కాబట్టి గట్టిగా అనేది కూడా కాదు. నేను ఇవతల చింతపండులో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయేదాన్ని. పంతులుగారు దాని వైపు తిరిగి మూడో ఎక్కం అడిగేసరికి దాని మనసు ఇంకా ఆ ధాన్యంలోనే ఉండేది. బెత్తం దెబ్బ పడేది.

ఒక మధ్యాహ్నం బంగార్రాజు వంటింట్లోకి వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. అరిచేతులు కందిపోయి ఉన్నాయి.

"ఏంటి బాబూ, పంతులుగారు నిన్ను కూడా కొట్టారా?"

"కొట్టలేదు పిన్నీ. నేనే గోడకేసి కొట్టుకున్నా. పంతులుగారు చెప్తుంటే మొదటి మాట వినపడతది. తరవాత నా చెవులెక్కడికో పోతాయి. పట్టుకుందామనుకుంటే దొరకవు. అందరూ తెలివైనోణ్ణంటారు. నాకేమీ రాదు పిన్నీ. ఎవరికీ చెప్పకండి."

ఎనిమిదేళ్ళవాడు. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి వాడికి తెలుసు. వాణ్ణి ఎలా ఓదార్చాలో తెలియక పక్కనున్న చింతపిక్కలు తీసి లెక్క చెప్పాను. పది పిక్కలు పేర్చేలోపల లేచి వెళ్ళిపోయాడు. పోనిచ్చాను. పెరటి చుట్టూ రెండుసార్లు పరిగెత్తి తనే తిరిగి వచ్చాడు. మళ్ళీ పది పిక్కలు. మళ్ళీ పరుగు. అలా చెప్తే వాడికి వచ్చేది. నరసాయికి అవే పిక్కలు ఇచ్చి, సులువైన లెక్క చెప్తే పిక్కలతో ముగ్గు వేసుకునేది. పంతులుగారు పెద్దపిల్లలకి కూడా ఇవ్వని చిక్కులెక్క ఒకటి నేనే కల్పించి ఇచ్చాను. అన్నం తినమని పిలిస్తే పలకలేదు. పొద్దు వాలేదాకా కదలలేదు. కదిలినప్పుడు జవాబు చెప్పింది. అప్పుడు తెలిసింది నాకు. బయటికి ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు కానీ, దాని మనసు చెయ్యటానికి పని లేక ఎగిరిపోతోంది. వాడి మనసు ఉండాలని ఉన్నా ఉండలేకపోతోంది. దానికి పెద్ద పాఠం కావాలి. వాడికి చిన్న చిన్న పాఠాలూ, మధ్యలో పరిగెత్తడానికి కాస్త పెరడూ కావాలి. ఇంతే. పుస్తకం చదివి తెలుసుకున్నది కాదు. పొయ్యి దగ్గర కూచుని చూసింది.

వాడు ఏడ్చిన సంగతి తప్ప మిగతాదంతా మా వారికి చెప్పాను. అన్నం వడ్డిస్తూ, ఆయన మొహం ప్రసన్నంగా ఉన్న రోజు చూసుకుని చెప్పాను. ఆయన వింటూ వింటూ నవ్వారు.

"కాకుల కథలాంటిదేనా ఇది కూడా?"

"కాదండి. పంతులుగారితో ఒక్కమాట చెప్పి..."

"ఏమని చెప్పాలి? నా కూతురు పండితురాలు, మా అన్నయ్య కొడుకు మొద్దు అనా? వదినగారి చెవిన పడితే ఇల్లు రెండవుతుంది. నీకేం పోయింది, పప్పు వెయ్యి."

వాడు మొద్దు కాదండీ అనాలి. నేను పప్పు వేశాను.

ఆ ఏడు చివర్లో మా మావగారు సుబ్బరామరాజుగారు మనవణ్ణి రాజమండ్రి పంపి ఇంగ్లీషు చదివించాలని నిశ్చయించారు. అదే రోజు అరుగుమీద పంతులుగారితో నరసాయి మాట కూడా వచ్చింది. ఇంకా చెప్పించాలా, మాన్పించాలా? పంతులుగారు, "తమ ఇష్టమండి. నేనైతే ఎక్కుతోందనుకోనండి," అన్నారు. అప్పుడు మావగారు ఎన్నడూ చెయ్యని పని చేశారు. తలుపు వైపు తిరిగి నన్ను అడిగారు.

"చిన్నకోడలా, రోజూ పాఠాలు మీ చెవిన పడుతూనే ఉంటాయి కదా. మీరు చెప్పండి. పిల్లకి చదువు ఎక్కుతోందా, లేదా?"

ఆ ఇంట్లో పదేళ్ళలో నన్నెవరూ ఏదీ అలా అడగలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడగలేదు. పక్కన అక్కయ్య విస్తళ్ళు కుడుతూ ఆగి నా వైపు చూస్తున్నారు. వెనక అత్తగారున్నారు. అరుగుమీద మా వారు గొంతు సవరించుకున్నారు. ఆ చప్పుడు నాకు అర్థమైంది. పంతులుగారి మాట కాదంటే పెద్దాయన్ని తప్పుపట్టినట్టు. కూతురు తెలివైనదంటే, మరి బంగార్రాజో అని అడుగుతారు. చెప్పవలసిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ముప్పయ్యొక్క కుంచాలూ, పొద్దు వాలేదాకా కదలని కూతురూ, గోడకేసి కొట్టుకున్న అరిచేతులూ, అన్నీ వచ్చాయి.

"తమకి తెలియంది నాకేం తెలుసండి మావయ్యగారూ," అన్నాను.

మంచి కోడలన్నారు. అత్తగారు ఆ సాయంత్రం నా తలలో స్వయంగా పూలు పెట్టారు.

మర్నాటి నుంచి నరసాయి అరుగుమీదికి వెళ్ళలేదు. ఎందుకని అడగలేదు కూడా. తొమ్మిదో ఏట పెళ్ళి చేశాం, పన్నెండో ఏట కాపరానికి పాలకొల్లు పంపించాం. బంగార్రాజుని కాలవ పడవలో రాజమండ్రి పంపారు. పడవ ఎక్కించేముందు నా దగ్గరికి వచ్చి, "అక్కడ పెరడుంటదా పిన్నీ?" అని అడిగాడు. ఉంటుందన్నాను. మూడేళ్ళు అక్కడ ఒక్క తరగతీ దాటలేదు. మొదట చురుకైనవాడన్నారు, తర్వాత అల్లరివాడన్నారు, తర్వాత బద్ధకస్తుడన్నారు, చివరికి పొగరుబోతన్నారు. పేరు మారినప్పుడల్లా దెబ్బలు పెరిగాయి. ఒకసారి కాలవగట్టు పట్టుకుని నడిచి ఇంటికి వచ్చేస్తే వాళ్ళ నాన్నగారు కొట్టి మళ్ళీ పంపారు. రెండోసారి వచ్చాక ఎవరూ పంపలేదు. ఇప్పుడు వాడికి ఇరవయ్యేడేళ్ళు. రోజంతా పశువుల మధ్యే ఉంటాడు. దూడలకి వాడంటే ప్రాణం. మనుషులు మాట్లాడుతుంటే వాడు తల దించుకుని వింటాడు, తనలో ఏదో తప్పు దొరుకుతుందన్నట్టు.

ఈ కార్తీకంలో నరసాయికి జ్వరం వచ్చిందంటే చూడటానికి వెళ్ళాను. తగ్గింది. మంచం మీద కూచుని ఉంటే దాని తలకి నూనె రాస్తున్నాను. దాని పెద్దకొడుక్కి ఆరేళ్ళు. ఆ వేళ బడి నుంచి కబురొచ్చింది, పిల్లవాడు పాఠం వినకుండా దిక్కులు చూస్తున్నాడని. నరసాయి విసుక్కోలేదు.

"నా పోలికమ్మా వాడిది. బుద్ధి తక్కువ. ఏం చేస్తాం," అంది.

నా చెయ్యి దాని తలమీద ఆగిపోయింది. "నీకు బుద్ధి తక్కువని ఎవరన్నారే?"

"నువ్వే కదమ్మా."

"నేనెప్పుడన్నాను?"

"తాతగారు అడిగినప్పుడు. నువ్వు తలుపు వెనకున్నావని నాకు తెలుసు. అమ్మ చెప్తుందిలే అనుకున్నా. ఆ రోజు పొద్దున్నించీ కదలకుండా కూచున్నాను. దారాలు కూడా ముట్టుకోలేదు. నువ్వు కూడా చెప్పలేకపోయావంటే నిజమే అయ్యుంటుందనుకున్నా," అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను భరించేదాన్ని.

భయపడ్డానని చెప్పాను. నాకన్నీ తెలుసని, నీ మనసు చెయ్యటానికి పని లేక ఎగిరేదే కానీ ఉండలేక కాదని, ఆ అరుగుమీద నీకున్న బుద్ధి ఇంకెవరికీ లేదని, నేను పిరికిదాన్నని చెప్పాను. పంతొమ్మిదేళ్ళు దాచిన మాటలు, ఎంతసేపు పడుతుందోననుకున్నాను. నాలుగు మాటల్లో అయిపోయాయి. అది అటు తిరిగే కూచుంది. దాని మొహం నాకు కనపడలేదు.

"అయితే నాకు వచ్చేదా అమ్మా? నిజంగా?"

"నిజంగా వచ్చేది."

ఎవరో తెలిసిన పిల్ల పోయిందని ఆలస్యంగా విన్నట్టు, "అయ్యో," అంది. అంతే. లోపల చంటిది లేచి ఏడిస్తే చీర సర్దుకుని వెళ్ళింది.

మర్నాడు నేను బయల్దేరేముందు దాని కొడుకుని పక్కన కూచోబెట్టుకుని ఏదో అడుగుతోంది. వాడికి పని లేకనా, వాడు ఉండలేకనా, అని నన్ను అడిగింది. రెండు రకాలుగా చూడమని, సులువైనదీ కష్టమైనదీ రెండూ ఇచ్చి చూడమని చెప్పాను. తల ఊపింది. నేనిచ్చిన ఆస్తి అదొక్కటే.

పడవ భీమవరం కాలవలోకి తిరిగేసరికి ఎండ చల్లబడింది. దీనితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. నా ఒళ్ళో తల పెట్టుకుని ఎవరికీ చెప్పకండి అన్న బంగార్రాజు మాట ఇన్నేళ్ళూ నిలబెట్టాను. అదే నేను వాడికి చేసిన ద్రోహం. వాడికి బద్ధకం లేదని, పొగరు లేదని, తప్పు వాడిది కాదని ఈ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మావగారు లేరు, పంతులుగారు లేరు. ఇంక నన్ను ఎవరూ అడగరు. ఇల్లు చేరగానే నేరుగా పశువుల చావిడికి వెళ్తాను. ఎవరూ అడగకుండానే చెప్తాను.