నా వంతు ఆమెన్

మా ఇంట్లో భోజనానికి ముందు చెప్పే ప్రార్థనను నా భార్య నాలుగు ముక్కలు చేసింది. పిల్లలు చిన్నప్పుడు కూర వాసనకు ఆగలేక ప్రార్థనంతా ఒక్క గుక్కలో మింగేసేవాళ్ళు. అందుకని తను మొదలుపెట్టేది. "ఈ తిండి ఇచ్చినందుకు నీకు వందనాలు ప్రభువా" అని పెద్దవాడు అనాలి. "ఈ పూట తిండి లేనివాళ్ళను మమ్మల్ని మరిచిపోనివ్వకు" అని చిన్నవాడు. చివర ఆమెన్ నాది. అంతకంటే ఎక్కువ ఇస్తే మీ నాన్న ఎక్కడో పారేసుకుంటాడు అనేది.

నేను వడ్రంగిని. మేం తినే బల్ల, దాని పక్క బెంచీ నేను చేసినవే. బెంచీ కాళ్ళు కాస్త లోపలికి పడ్డాయి. ఒక చివర ఒక్కరే కూర్చుంటే రెండో చివర పైకి లేస్తుంది. సరిచేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. అన్నదమ్ములు చెరో చివర కూర్చునేవాళ్ళు. ఒకడు లేవాలంటే రెండోవాడికి చెప్పి లేవాలి.

ఆమె చనిపోయిన సాయంత్రం చిన్నవాడు అచ్చాఫీసులో పనిలో ఉన్నాడు. కబురు అందేసరికి ఆలస్యమైంది. సమాధి దగ్గర, ఫాదరుగారు ఇంకా అక్కడ ఉండగానే, "అమ్మ నిన్నే పిలిచింది. నీకు మిషనే ఎక్కువైంది" అన్నాడు పెద్దవాడు. అప్పటినుంచి చిన్నవాడు కంచం పట్టుకొని మేడమీద తన గదికి పోతున్నాడు. పెద్దవాడు బెంచీకి నడిమధ్య కూర్చుంటున్నాడు.

మొన్న ఆదివారం చర్చి పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకొనేటప్పుడు నాకు అటొకడు ఇటొకడు నిలబడ్డారు. ఇద్దరూ నాతో చేయి కలిపారు. వాళ్ళిద్దరూ కలుపుకోలేదు.

ఇంటికొచ్చాక పెద్దవాడి భార్య, నా కోడలు, వడ్డించింది. చిన్నవాడు కంచంతో మెట్లెక్కాడు. అత్తగారి ముక్క ఇప్పుడు కోడలిది. ఆమె చెప్పింది. పెద్దవాడు తనది చెప్పాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

"నాన్నా, ఆమెన్ అనండి."

"ఇంకా కాలేదు."

"ఏం కాలేదు?"

"మధ్యలో ఒకటి మిగిలింది."

వాడి మొహం ముడుచుకుంది. "సరే, అదీ నేనే చెప్తా."

"అది నీది కాదు."

"ఉన్నదే ఒక్క మాట, అదీ దాచుకుంటే మేమెలా తినేది మావయ్యా?" అని నవ్వబోయి, నన్ను చూసి ఆగింది కోడలు. "ఉండండి, నేను పిలుచుకొస్తా."

"నువ్వు కూర్చో తల్లీ."

కూర మీద ఆవిరి పోయింది. పెద్దవాడు కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను జోడించిన చేతులు విప్పలేదు. చివరికి వాడు లేచి మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఒరే, నాన్న అన్నం ముట్టట్లేదు."

పైనుంచి చిన్నవాడి గొంతు వచ్చింది. "నేనొస్తే నువ్వు ముట్టవుగా."

"ముడతాలేరా." గోడ పట్టుకొని నిలబడ్డాడు. "అమ్మ నిన్ను పిలిచిన మాట నిజమే. వాడు పనినుంచి వస్తాడు, అన్నం వేడిగా పెట్టండి అంది. అంతే అంది. నేను దాన్ని ఇంకోలా చేసి అన్నాను."

కంచం కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత చిన్నవాడు కంచంతో మెట్లు దిగాడు. ఒక్క మెతుకు కూడా కదపలేదు. ఇన్నాళ్ళూ పైన ఏమాత్రం తిన్నాడో.

పెద్దవాడు తిరిగొచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఇటు చివర లేచింది. చిన్నవాడు గబుక్కున కూర్చుని దాన్ని అణిచాడు.

"తిండి లేనివాళ్ళను..." అని మొదలుపెట్టి ఆగాడు. ఎవరూ అందించలేదు. వాడే పూర్తిచేశాడు.

"ఆమెన్" అన్నాను.

పెద్దవాడు తమ్ముడి కంచం తన వైపు లాక్కున్నాడు. "చల్లారిపోయింది. వేడి చేసుకొస్తా. లేస్తున్నా, చూసుకో."

చిన్నవాడు బెంచీ మధ్యకు జరిగాడు.