బోరు పాయింటులో పాతాళయ్య

ముప్పై దాటిన మగమనిషి బొమ్మలతో ఆడుకుంటాడని తెలిస్తే మా వైపు జనం ఏమంటారో చెప్పనక్కర్లేదు. అందుకే కిరణ్ తన బొమ్మల పిచ్చిని నా ఇంటర్నెట్ సెంటరు గడప దాటనిచ్చేవాడు కాదు.

రెండువేల ఏడో సంవత్సరం మాట ఇది. అనంతపురం పాతూరులో నా సెంటరు. వచ్చేవాళ్ళలో సగం మంది పరీక్షా ఫలితాల కోసం వచ్చేవాళ్ళు, మిగతా సగం పేరు మార్చుకుని ఎవరితోనో కబుర్లు చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళు. కిరణ్ మాత్రం ప్లాస్టిక్ ఇటుకల కోసం వచ్చేవాడు. ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్ళూ బండ్లూ కట్టుకునే ఇటుకలవి. వాటిలో సూపర్‌హీరోల సెట్లు వేరే ఉంటాయి, ప్రతి సెట్టులోనూ బొటనవేలంత మనిషి బొమ్మలుంటాయి. ఆ బొమ్మల గురించి మాట్లాడుకోవడానికి ప్రపంచంలో ఉన్న పిచ్చివాళ్ళంతా చేరి ఒక సైటు పెట్టుకున్నారు. ఏ హీరో భుజాన గుడ్డ అసలుది, ఏ సంవత్సరం మొండెం మీద రంగు బాగా పడింది, ఎవరి తల ఎవరికి పెడితే నప్పుతుంది, ఇదీ వాళ్ళ గొడవ. మా ఇంట్లో ఆస్తి పంపకాలప్పుడు కూడా అంత పట్టుదలగా వాదించుకోలేదు.

"ఏమప్పా, ఈ పొద్దు ఎవరి తల తీసి ఎవరికి పెట్టినారు?" అని నేను ఎగతాళి చేస్తే, కిరణ్ నవ్వకుండా జవాబు చెప్పేవాడు. లెక్కల అయ్యవారు కదా. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఇంకోటి రాదు. బెంగుళూరులో ఏదో ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు రెండు మూడు సెట్లు కొనుక్కున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ డబ్బాలు సంకలో పెట్టుకుని బుక్కరాయసముద్రం అవతల ఉన్న తన పల్లెకు వచ్చేసి, ఒక ప్రైవేటు బడిలో చేరాడు.

ఆ సైటులో ఎవరో ఒక మాట లేపారు. మీ నేలకు ఎలాంటి హీరో కావాలో తయారు చేసి, మీ ఊళ్ళో నిలబెట్టి ఫోటో పెట్టండి అని. ఒకాయన మంచులో దారి తీసే హీరోను చేశాడు. ఇంకొకామె వరదలో పిల్లల్ని మోసే హీరోను చేసింది. కిరణ్ పాతాళయ్యను చేశాడు. ఒక దుర్మార్గుడి బొమ్మ నుంచి నల్ల మొండెం తీసుకుని, తలకు ఎర్ర రంగు పూసి, వాళ్ళ అమ్మ బయమ్మ పాత చీర కొంగు కత్తిరించి భుజాన కట్టి, చేతిలో గుండుసూది పెట్టాడు. ఆ సూది బోరు వేసే రాడ్డు. పాతాళయ్య నేలలోకి దూరి నీళ్ళు పట్టుకొస్తాడు. నా బల్ల మీద నిలబెట్టి చూపించినప్పుడు నాకు నవ్వు రాలేదు. ముచ్చటేసింది.

ఆ ఎండాకాలం కిరణ్ మామ గోవిందప్ప చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండిపోతోంది. ఉన్న బోరు ఆగి ఆగి పోస్తోంది. ఇంకో బోరు వేస్తే తప్ప చెట్లు బతకవని, ఓబుళేసును పిలిపించి పాయింటు పెట్టించాడు. ఓబుళేసు అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. టెంకాయ ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ నీళ్ళని చెబుతాడు. ఈసారి అది పొలం అంచున, రామక్క అనే ముసలామె గుడిసె పక్కన నిలబడింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ పెట్టి పూజ చేసి, బోరు లారీ కోసం ఎదురు చూడసాగారు.

రామక్కకు ఎవరూ లేరు. పోరంబోకులో ఒక గుడిసె, ఒక మేకల మంద, అంతే ఆమె బతుకు. ఆ మేకలు చీనీ చెట్ల మీద పడతాయని గోవిందప్పకు ఆమెతో ఎప్పుడూ తగాదానే. ఆమె నోరు కూడా తక్కువది కాదు. "నీ తోట ఎండిపోనీ" అని నలుగురి ముందూ అనేసింది ఒకసారి.

లారీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం కిరణ్ అక్కడికి పోయి, నిమ్మకాయ పక్కన పాతాళయ్యను నడుము దాకా పూడ్చి ఫోటో తీశాడు. ఎండకు తట్టుకోలేక రామక్క గుడిసెలో మజ్జిగ తాగాడు. వచ్చేటప్పుడు బొమ్మను తీసుకోబోయి, ఏమనుకున్నాడో, వేలితో పూర్తిగా లోపలికి నొక్కేసి మట్టి కప్పేశాడు.

"ఎందుకప్పా? అంత కష్టపడి చేసిన బొమ్మను" అన్నాను మరుసటి రోజు.

"నీళ్ళు పడాలనన్నా" అన్నాడు తల వంచుకుని. "మొక్కుకున్నెట్ల అనుకో."

నీళ్ళు పడలేదు. రాడ్డు మీద రాడ్డు దింపినా తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. లారీ వెళ్ళిపోయాక దుమ్ము కుప్ప ఎత్తుతుంటే పార అంచుకు బొమ్మ తగిలింది. నల్లటి ఒళ్ళు, ఎర్రటి తల, ఎర్ర గుడ్డ పీలిక, చేతిలో సూది. పూజ చేసిన చోట పూడ్చి ఉంది. ఓబుళేసుకు అంతకన్నా ఏం కావాలి? తన టెంకాయ తప్పు చెప్పిందని ఒప్పుకునే పని తప్పింది.

"నీళ్ళు ఉండాయి సామీ. ఎవరో కట్టేసినారు" అన్నాడు.

ఎవరో అన్నాడు గానీ అందరూ గుడిసె వైపే చూశారు. ఆ సాయంత్రమే గోవిందప్ప మనుషులు రామక్క మేకల్ని తోలుకుపోయి మోటారు కొట్టంలో వేసి తాళం పెట్టారు. కట్టు తీసేదాకా వాటికి నీళ్ళు లేవన్నారు. ఏప్రిల్ ఎండ, పైన రేకులు. మేకలు పోతే రామక్క బతికేది లేదు. తీసేస్తానని ఒప్పుకుంటే చేతబడి చేసినదాన్ని ఊళ్ళో ఉండనివ్వరు.

కిరణ్ పరుగున పోయి బొమ్మ నాదే మామా అన్నాడు. గోవిందప్ప నమ్మలేదు. ముసలిదాని మీద జాలితో అబద్ధం చెబుతున్నాడనుకున్నాడు. కంప్యూటరులో చూపిస్తా రమ్మని కిరణ్ బతిమాలాడు. అలా మామా, ఓబుళేసూ నా సెంటరుకు వచ్చారు.

పేజీ మెల్లగా దిగింది. మొదట నిమ్మకాయ, తర్వాత కుంకుమ, తర్వాత పాతాళయ్య తల.

"చూడు మామా, ఇది నేను తీసిన ఫోటోనే. కింద ఉండేటివి వాళ్ళందరి మాటలు."

కింద ఎవరో పెట్టిన ఇంకో ఫోటో ఉంది. తెల్లగుడ్డ మీద వరసగా తలలు, వరసగా మొండేలు, పక్కన చేతులు. గోవిందప్ప కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు.

"ఇవేమి?"

"తలలు మామా. కావల్సింది తీసి పెట్టుకోవచ్చు."

"ఈయప్ప ఏమంటాండాడు?"

"నా బొమ్మకు చేయి తీసేసి ఇంకోదాని చేయి పెడితే బలంగా ఉంటాదంటాండాడు."

"ఈయమ్మో?"

"గుడ్డ యాడిదని అడుగుతాంది. మా యమ్మ చీర కొంగుదని చెప్పినా."

"మా యక్క చీర కొంగా" అన్నాడు గోవిందప్ప నెమ్మదిగా. మళ్ళీ వేలు పెట్టాడు. "ఇదేమి రాసినారు?"

కిరణ్ చదివాడు. వద్దురా అని నేను కుర్చీ కింద నుంచి వాడి కాలు తన్నాను. లెక్కల అయ్యవారు కదా, చెప్పేశాడు.

"ఇంకొంచెం లోతుగా పూడ్చింటే బాగుండేదంట."

గోవిందప్ప నా వైపు తిరిగాడు.

"సాయిబూ, వీళ్ళంతా యాడోళ్ళు?"

"అన్ని దేశాలోళ్ళు గోవిందప్పా. పనీపాటా లేక ఆడుకునేటోళ్ళు. నా మాట నమ్ము."

"ఇంతింత గడ్డాలు పెట్టుకోని ఆడుకుంటారా?" అన్నాడు తెర మీద ఒకాయన ఫోటో చూపించి. ఆ ప్రశ్న నేనూ చాలాసార్లు అడిగి ఉన్నాను.

అప్పుడు ఓబుళేసు నోరు తెరిచాడు. "పిల్లోడు అబద్ధం చెప్పలా సామీ. పెట్టింది వీడే. పెట్టిచ్చిందెవరో అడగల్ల. ఏమప్పా, ఆ పొద్దు ఆడ ఎవరింట్లోనన్నా ఏమన్నా తాగినావా?"

"రామక్కవ్వ మజ్జిగిచ్చింది."

"అంతే" అన్నాడు ఓబుళేసు. "మందు పెట్టింది. వీనికి తెలీకుండానే వీని చేత చేయించింది."

నేను అరిచాను. వాళ్ళను తిట్టాను కూడా. గోవిందప్ప నా మీద కోప్పడలేదు. మేనల్లుడి తల నిమిరి, "నీ తప్పేం లేదులే నాయనా" అని లేచి వెళ్ళిపోయాడు. నాకు ఆ నిమరడం చూసి ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు పోయాక కిరణ్ ఆ సైటులోనే జరిగిందంతా రాసి, ఇది ఆటబొమ్మ అని మా మామకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి అని అడిగాడు. ఒకాయన కథ బాగుందన్నాడు. ఒకాయన ఆ మొండెం కిరణ్ చెప్పిన సంవత్సరానిది కాదు, దాని ముందుదని రాశాడు. దాని మీద ఇద్దరు వాదనకు దిగారు. ఒక్కామె మాత్రం వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్ళమని రాసింది. నేనూ అదే అన్నాను. సొంత మామ మీద ఎలా చెప్పేదన్నాడు కిరణ్. పోలీసులొచ్చేలోపు మేకలు చస్తాయన్నాడు.

మరుసటి రోజు పొద్దున ఇద్దరం పల్లెకు పోయాం. మోటారు కొట్టం ముందు ఊరంతా ఉంది. లోపల మేకల అరుపు కూడా సన్నబడిపోయింది. కిరణ్ అందరి ముందూ గట్టిగా, బొమ్మ చేసింది నేను, పూడ్చింది నేను, అవ్వకు ఏమీ తెలీదు అన్నాడు. రామక్క వాడి వైపు చూడలేదు, కొట్టం తలుపు వైపే చూస్తోంది.

"నువ్వు గమ్మునుండు నాయనా" అంది. "నేనే పెట్టిచ్చినా. తీసేస్తా. మేకల్ని వదలండి."

ఓబుళేసు బొమ్మను ఆమె చేతిలో పెట్టి, విరిచేయమన్నాడు. ఆమెకు దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలియలేదు. కోడి మెడ తిప్పినట్టు తల తిప్పింది, అది గిర్రున తిరిగింది గానీ ఊడలేదు. ఆ బొమ్మను ఆమె ఎప్పుడూ చూడలేదని కళ్ళున్న వాడికెవడికైనా తెలిసిపోవాలి. ఆమె అవస్థ చూడలేక కిరణ్ పైకి లాగమని వేళ్ళతో సైగ చేశాడు. తల ఊడింది. "చూడండి, వీనికి బాగా నేర్పింది" అని నా వెనక ఎవరో అన్నారు. ముక్కలన్నీ మంటలో వేశారు. ప్లాస్టిక్ కాలిన కంపు. మేకల్ని వదిలారు, అందరికంటే ముందు బయటికి రావలసిన మేకపోతు రాలేదు.

లారీ మళ్ళీ వచ్చింది. ఓబుళేసు పాయింటును కొంచెం పక్కకు జరిపాడు, అది ఎవరూ గమనించలేదు. ఈసారి ముందుకన్నా చాలా లోతుకు పోయారు. దుమ్ము, తర్వాత తడి మట్టి, ఆ తర్వాత తాటిచెట్టంత ఎత్తున నీళ్ళు. గోవిందప్ప ఆ నీళ్ళలో కూర్చుని ఏడ్చాడు. కిరణ్ కూడా పరిగెత్తుకుంటూ పోయి తడుస్తూ నవ్వాడు. ఆ నీళ్ళ కోసం వాడూ మొక్కుకున్నవాడే కదా. గుడిసె ముందు నిలబడిన రామక్కను చూశాకే వాడి నవ్వు ఆగింది. ఆమె నీళ్ళను చూస్తోంది, ఊరు ఊరంతా ఆమెను చూస్తోంది.

ఇక కిరణ్ మాట కాదు కదా, దేవుడు దిగి చెప్పినా వినేవాడు లేడు. తీసేస్తానంది, తీసేసింది, నీళ్ళు పడ్డాయి. గోవిందప్ప ఆమెను ఊళ్ళోంచి పొమ్మని కూడా అనలేదు. చీనీ చెట్లు చిగురు వేస్తుంటే ఆయన కోపమంతా పోయింది.

నెల తిరగకముందే పక్క పొలం జయరాముడి బోరు ఎండిపోయింది. అంత లోతు బోరు పక్కన ఉంటే చుట్టుపక్కల బోర్లు ఎండుతాయని చిన్నపిల్లవాడికైనా తెలుసు. జయరాముడికీ తెలుసు. కానీ గోవిందప్పతో పెట్టుకునే ధైర్యం అతనికి లేదు. అన్నదమ్ములను వెంటేసుకుని రామక్క దగ్గరికి పోయి, నా నీళ్ళు కూడా విప్పమన్నాడు. నాకు రాదు నాయనా అంది. గోవిందప్పకు విప్పినావే అన్నారు. మంత్రం పలకకుండా చేయాలంటే పళ్ళు రాలగొట్టాలని ఎప్పటినుంచో ఒక పాడు నమ్మకం ఉంది. రాయితో రాలగొట్టారు.

పెద్దాసుపత్రిలో కిరణే ఆమెను చూసుకున్నాడు. బడికి సెలవు పెట్టి, చెంచాతో గంజి పోస్తూ మంచం పక్కనే ఉన్నాడు. జయరాముణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. నేను పండ్లు తీసుకుని పోయిన రోజు ఆమె మొదటిసారి మాట్లాడింది. వాచిన నోట్లోంచి మాట తెలిసీ తెలియనట్టు వస్తోంది.

"నాయనా, నిజం చెప్పు. నాకేమన్నా మంత్రం వస్తాదా?"

"ఏమి వచ్చేది అవ్వా?"

"తీసేస్తానని నేనన్న్యాకనే కదా నీళ్ళు పడింది. జయరామునిది ఎండిపోయిన పొద్దు కూడా వాణ్ణి మనసులో తిట్టుకున్నా. నాకు తెలీకుండానే నాలో ఏమన్నా ఉండాదేమో."

కిరణ్ చెంచా పక్కన పెట్టి ఆమె చేయి పట్టుకున్నాడు. "ఏం లేదవ్వా. నీలో ఏం లేదు. అది ఉత్త బొమ్మ. ప్లాస్టిక్ బొమ్మ. నేనే ఆడ పెట్టింది."

"ఎందుకు పెట్టినావు?"

వాడికి అబద్ధం చెప్పడం రాదు. ఆ ఒక్కసారైనా వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"నీళ్ళు పడాలనవ్వా" అన్నాడు.

ఊరు తనను చూసినట్టే రామక్క వాడి ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా వాడి చేతిలోంచి తన చేయి లాగేసుకుంది.

"పడినాయి కదా మరి" అంది.