యాభైతొమ్మిది పూసలూ నేనూ

2003 ఏప్రిల్ 27, ఆదివారం. చర్చిలో ఉదయం ఏడు గంటల పూజలో ఇన్నారెడ్డి పక్కకు తిరిగి జోజిరెడ్డికి నమస్కారం పెట్టాడు. జోజిరెడ్డి తిరిగి పెట్టలేదు.

నేను ఒక బరిసెను. ఆ సమయానికి ఇన్నారెడ్డి ఇంట్లో అటక మీద ఉన్నాను. జరిగింది నేను చూడలేదు. ఆయన భార్య మరియమ్మ ఇంటికొచ్చి తోడికోడలు లూర్దమ్మకు చెబుతుంటే విన్నాను.

మా ఊరు పల్నాడులో ఉంది. చర్చిలో మగవాళ్లు కుడి పక్క చాపల మీద కూర్చుంటారు. గోడ వైపు మా వాళ్లు, నడవ వైపు జోజిరెడ్డి వాళ్లు, మధ్యలో ఒక చాప వెడల్పు ఖాళీ. ‘ఒకరికొకరు శాంతి సమాధానాలు తెలుపుకోండి’ అని ఫాదరు గారు అనగానే ఎవరి వాళ్లకు వాళ్లు దండాలు పెట్టుకుంటారు. ఆ ఖాళీ దాటి దండం పోదు. తొమ్మిదేళ్లలో ముగ్గురు ఫాదర్లు మారారు. ఆ ఖాళీ గురించి ఒక్కరూ అడగలేదు.

నన్ను వీరాచారి చేశాడు. పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, వెదురు కర్రకు బిగించాడు. ఇన్నారెడ్డి తండ్రి నన్ను చేను కాపలాకు కొన్నాడు. అడవిపందుల మీద పనిచేశాను. ఆయన పోయాక చిన్న కొడుకు శౌరి చేతికి వచ్చాను. 1994లో గట్టు తగాదాలో జోజిరెడ్డి తమ్ముడు శౌరిని గొడ్డలితో నరికాడు. ఆ రోజు శౌరి నన్ను ఇంటి దగ్గర వదిలి వెళ్లాడు. బరిసె ఉంటే బతికేవాడని ఊరంతా అనుకుంది. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

సాక్షులు నిలబడలేదు. కేసు కొట్టేశారు. నరికినవాడు ఊరు విడిచిపోయాడు. మా వాళ్ల చూపు జోజిరెడ్డి మీద పడింది. ఇన్నారెడ్డి ప్రతి శనివారం నన్ను దించి, ఆముదం రాసి, పదును చూసి, మళ్లీ పైన పెట్టేవాడు.

తరవాత ఆయనకు నిద్ర పట్టకుండా పోయింది. మరియమ్మ గుణదల తిరునాళ్లలో ఒక జపమాల కొని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కొయ్య పూసలు, యాభైతొమ్మిది. మొదటి ఏడాది దాని మీద నాకు అసూయ లేదు. ఆయన దాంతో అడిగింది జోజిరెడ్డి చావే. ఇద్దరం ఒకే పని మీద ఉన్నామనుకున్నాను. రెండో ఏడాది మాట మారింది. ‘తల్లీ, నా లోపల మంట ఆర్పు’ అన్నాడు. నాకు ఆముదం ఆగింది. దానికి పొద్దునా సాయంత్రమూ ఆయన వేళ్లు. దాంతో ఒక పందిని కూడా అదిలించలేరు.

అందుకే ఆ ఆదివారం జోజిరెడ్డి దండం తీసుకోలేదని వినగానే సంతోషించాను. తరవాతి ఆదివారమూ తీసుకోలేదు. ఆ పై ఆదివారమూ అంతే.

మే 12, సోమవారం, ఉదయం. శౌరి భార్య లూర్దమ్మ వసారాలోకి వచ్చింది.

“బావగారూ, మూడు వారాలు దండాలు పెట్టారు. వాడు మిమ్మల్ని మనిషి కింద కూడా లెక్క చెయ్యలా. ఆ పూసలు ఇటియ్యండి, గేదె మెళ్లో కడతా. మీరు బరిసె తియ్యండి. చేతకాదంటారా, నేనే పోతా.”

“నోరు ముయ్యవే లూర్దూ,” అంది మరియమ్మ.

ఇన్నారెడ్డి నిచ్చెన వేసి నన్ను దించాడు. తొమ్మిదేళ్లలో ఆ చెయ్యి నన్ను అంత గట్టిగా పట్టుకోలేదు. పూసలు ఎడమ మణికట్టుకు చుట్టి ఉన్నాయి. కుడి చెయ్యి నాది. జోజిరెడ్డి ఇల్లు పది నిమిషాల నడక. దారిలో మూడు ఇళ్ల తలుపులు మూసుకున్నాయి.

అరుగు మీద జోజిరెడ్డి, ఇద్దరు మనుషులు ఉన్నారు. ఇద్దరూ గొడ్డళ్లు అందుకున్నారు.

“ఏందిది ఇన్నారెడ్డీ, పట్టపగలు?”

“నీకిచ్చి పోదామని వచ్చా. ఇంట్లో ఉంటే మా మరదలు ఊరుకోదు. నేనూ ఊరుకోనేమో.”

“ఇచ్చేవాడివి మొన ముందుకు పెట్టి వస్తావా? పై ప్రాణాలు పైనే పోయినయ్ గదయ్యా!”

“ఇంకోరకంగా పట్టుకోవటం నాకు రాదు.”

గొడ్డలి పట్టుకున్నవాళ్లలో ఒకడు నవ్వాడు. ఇన్నారెడ్డి నన్ను అరుగు మీద పడుకోబెట్టాడు.

“మూడు వారాల్నించి దండం పెడతన్నా. ఎందుకు తీసుకోవు?”

“మీ శౌరిని నరికింది నా తమ్ముడు. ఏ మొహం పెట్టుకుని తీసుకునేది?”

“నాకు మాత్రం ఏం మొహం ఉంది? ఏడాది పాటు ఇవి తిప్పుతా నీ చావు కోరా.”

జోజిరెడ్డి చెయ్యి చాపి పూసలు పట్టుకుని చూశాడు. నేను పక్కనే ఉన్నాను. నన్ను చూడలేదు.

“నాతో అన్న మాట లూర్దమ్మతో అను,” అన్నాడు ఇన్నారెడ్డి.

పదకొండున్నరకు ఇద్దరూ అరుగు దిగారు. జోజిరెడ్డి చేతిలో ఏమీ లేదు. తన మనుషులను రావద్దన్నాడు.

పన్నెండున్నర దాటాక జోజిరెడ్డి ఒక్కడే తిరిగొచ్చాడు. చొక్కా జేబు చిరిగి ఉంది. ఏమైందని భార్య అడిగింది.

“లూర్దమ్మ కొట్టింది. కొట్టి ఏడ్చింది. తరవాత మంచం వాల్చి కూర్చోమంది,” అన్నాడు.