కంచె అవతలి కేక

బంతి కంచె మీదుగా ఎగిరి అవతల పడింది. ఆ వెంటనే అటువైపు నుంచి కేక వినిపించింది.

"అమ్మా!"

మగ గొంతు. ఒకే ఒక్క కేక. తర్వాత పొదలో కొమ్మలు విరిగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మత్తు డాక్టరు చేతిలోని స్టిక్ గాల్లో అలాగే ఆగిపోయింది. ఆపరేషన్ థియేటర్లో మనుషుల్ని నిద్రపుచ్చి, మళ్ళీ జాగ్రత్తగా లేపడం ఆమె ఉద్యోగం. ఆదివారం పొద్దున్న గోల్ఫ్ ఆడటం ఆమె సరదా. ఉద్యోగంలో ఎవరికీ ఏమీ కానివ్వలేదు. సరదాలో ఒక మనిషిని పడగొట్టినట్టుంది.

"వదినా, విన్నారా?"

వదిన అంటే భర్తకు అక్క. క్రిమినల్ లాయరు. కోర్టులో ఆమె లేచి నిలబడితే అవతలి వకీలు మంచినీళ్ళ గ్లాసు కోసం వెతుక్కుంటాడని పేరు.

"వినలేదు. నువ్వూ వినలేదు. బంతి ఎటు పోయిందో నీకు కనపడలేదు. మాట్లాడకుండా ఇంకో బంతి తియ్యి."

"అక్కడ మనిషి పడిపోయుంటే?"

"పడిపోయుంటే వెళ్ళి లేపుదాం. నేను వద్దన్నానా? కానీ ఆ బంతి నాదని మాత్రం నోరు జారకు. లోకంలో నీ ఒక్కదానికేనా బంతులున్నది?"

"నా గుర్తుంది దాని మీద."

ఆటలో బంతులు కలిసిపోకుండా ఎవరి బంతి మీద వాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. మత్తు డాక్టరు తన బంతులన్నిటికీ గోళ్ళరంగుతో ఎర్రటి చుక్క పెట్టుకుంది.

వదిన నుదురు కొట్టుకుంది. "ముద్దాయి సంతకం పెట్టి మరీ విసిరిందన్నమాట! పోనీ, 'ఫోర్' అనైనా అరిచావా?"

బంతి మనుషులుండే వైపు మళ్ళితే 'ఫోర్' అని గట్టిగా అరవడం ఆ ఆటలో కనీస మర్యాద. ఆ ఒక్క అరుపుతో అవతలివాళ్ళు తల కాచుకుంటారు.

"అరవలేదు. తిన్నగా వెళ్తుందనుకున్నా."

"నీ బంతి తిన్నగా వెళ్ళింది ఎప్పుడమ్మా?"

"ఈమధ్య బాగానే వెళ్తోంది కదా!"

ఆ మాట ఊరికే అనలేదు. మొదట్లో సగం ఆట కూడా కాకముందే ఆమె సంచి ఖాళీ అయ్యేది. చెరువులో కొన్ని, పొదల్లో కొన్ని, ఎటు పోయాయో తెలియనివి ఇంకొన్ని. కొన్నాళ్ళుగా ఇంటికెళ్ళి సంచి తీస్తే బంతులు దండిగా కనిపిస్తున్నాయి. చెయ్యి తిరిగిందని నర్సులకీ సర్జన్లకీ చెప్పుకుని మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆ చెయ్యి స్టిక్కును గడ్డిలో పడేసింది.

"మందుల పెట్టె కార్లో ఉంది. ఆయన్ని తెమ్మంటాను," అంటూ ఫోను తీసింది.

ఆమె భర్తకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. ప్రతి ఆదివారం ఇద్దరినీ కార్లో దింపి, ఆట అయ్యేదాకా క్యాంటీన్లో పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. గోల్ఫ్ అంటే ఆయనకు ఆవులింత వస్తుంది.

ఆమె నంబరు నొక్కింది.

కంచె అవతల ఫోను మోగింది.

పాతకాలపు టెలిఫోను గంటలా ట్రింగుమంటూ మోగే ఫోను వాళ్ళింట్లో ఒక్కటే ఉంది. షాపు సందడిలో వినపడాలని ఆయన ఏరికోరి పెట్టుకున్న మోత.

ఆమె ఫోను కట్ చేసింది. అవతల మోత ఆగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మోగింది.

వదిన మొహంలో రంగు మారింది. భుజాన ఉన్న స్టిక్కుల సంచి ధబ్బున కిందపడింది.

"ఒసేయ్, నా తమ్ముణ్ణి ఏం చేశావే!"

"ఇప్పటిదాకా నా తరఫున వాదించారు కదా వదినా!"

"ఆ వకాలత్తు రద్దు! పరిగెత్తు!"

కొంచెం దూరంలో కంచెకు చిన్న ఇనుప గేటు ఉంది. ఇద్దరూ అందులోంచి దూరి అవతలి కాలిబాట మీదకొచ్చారు. బాట ఖాళీ. నాలుగడుగుల్లో టోపీ. ఆయనదే. ఇంకాస్త ముందు ఒక బూటు. ఒక్కటే. పక్కన పొద మీద చొక్కా వేలాడుతోంది. దాని జేబులోంచి తొంగిచూస్తూ ఫోను ఇంకా మోగుతోంది. తెరమీద ఆమె ఫోటోయే నవ్వుతోంది.

మనిషి లేడు.

"ఎవరైనా ఎత్తుకెళ్ళారంటావా? ఆసుపత్రికి?" వదిన గొంతు మొదటిసారి బెదిరింది.

మత్తు డాక్టరు తన ఫోను కట్ చేసి చుట్టూ చూసింది. చదువు ఆమెను భయపెడుతోంది. తలకు దెబ్బ తగిలిన మనిషి ఒక్కోసారి లేచి నడుస్తాడు. మామూలుగానే మాట్లాడతాడు. ఏం కాలేదంటాడు. ఉన్నట్టుండి కూలిపోతాడు. ఒంటిమీద చొక్కా విప్పేసి, ఒక్క బూటుతో నడిచి వెళ్ళాడంటే మతి స్థిమితంలో లేదన్నమాటే. ఎటు వెళ్ళినట్టు? ఎంతసేపు నిలబడగలడు?

"ఏవండీ!"

ఆ పిలుపు కేకలా వచ్చింది.

"ఇక్కడ!" బాట మలుపు అవతల నుంచి మూలుగులాంటి జవాబు.

ఇద్దరూ మలుపు తిరిగారు. అక్కడ పూలమొక్కలకు నీళ్ళు చిమ్మే గొట్టం గిరగిరా తిరుగుతోంది. దాని కింద కళ్ళజోళ్ళ షాపు యజమాని, పైన చొక్కా లేకుండా, ఒక కాలికి బూటుతో, రెండు చేతులా వీపు బాదుకుంటూ గెంతుతున్నాడు.

ఆమె నీళ్ళలోకి దూకినంత పని చేసింది. భర్త తలను రెండు చేతుల్తో పట్టుకుని జుట్టంతా తడిమింది. బొప్పి లేదు. నెత్తురు లేదు. రెప్పలెత్తి కనుపాపలు చూసింది.

"ఎక్కడ తగిలింది? కళ్ళు తిరుగుతున్నాయా? నేనెవర్ని?"

"నా పెళ్ళానివి. తగల్లేదే బాబూ, కుట్టాయి! ఎర్రచీమలు!"

"బంతి?"

"ఏ బంతి?"

ఆమె నీళ్ళు చిమ్ముతున్నా పట్టించుకోకుండా తడిగడ్డి మీద కూలబడిపోయింది. ఒక పెద్ద ఊపిరి వదిలింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపూ వచ్చింది. రెండూ ఆపలేదు.

వదిన మాత్రం తమ్ముడి నిక్కరు వంక చూస్తోంది. రెండు జేబులూ నిండు బుగ్గల్లా ఉబ్బి ఉన్నాయి.

"ఒరేయ్, ఆ జేబుల్లో ఏంట్రా?"

"ఏం లేదక్కా."

"బయటికి తియ్యి."

ఒకటి తర్వాత ఒకటి గోల్ఫ్ బంతులు బయటికొచ్చాయి. బురద పట్టినవి, పసరు అంటినవి. అన్నిటి మీదా ఎర్రటి చుక్క.

మత్తు డాక్టరు నవ్వు ఆగింది. "అంటే ప్రతి ఆదివారం..."

"క్యాంటీన్లో పేపరు ఎంతసేపని చదువుతాం?" ఆయన వీపు గోక్కుంటూ తప్పించుకోబోయాడు. "ఏరి, కడిగి, తుడిచి నీ సంచిలో వేసేవాణ్ణి. ఖాళీ సంచి చూసుకుని నువ్వు మొహం వేలాడదీస్తే నాకు ఆదివారం అన్నం సహించేది కాదు."

"అయితే నా చెయ్యి తిరగలేదా?"

"తిరిగింది. ఈ కంచె వైపే తిరిగింది."

వదిన పకపకా నవ్వింది. "మరి చీమల్నెందుకు కెలికావురా?"

ఆయన తలొంచుకున్నాడు. "ఆకుల మధ్య తెల్లగా, గుండ్రంగా కనిపించింది. బంతే అనుకుని చెయ్యి పెట్టాను. చీమల గూడు."

"ఊరందరికీ కళ్ళజోళ్ళు అంటగడతావు కదరా! నువ్వూ ఒకటి తగిలించుకో."

మత్తు డాక్టరుకు కోపం రావాల్సింది. ఆసుపత్రిలో కొట్టిన గొప్పలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఎదురుగా ఆయన నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా దద్దుర్లతో, తిట్టుకుంటూ, నిక్షేపంగా. ఆట రాకపోతే రాకపోయింది.

"ఇటు తిరగండి. ఇంకా పాకుతున్నాయి," అని వీపుమీది చీమల్ని గోటితో ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

"మీ సరసాలు తెమిలేలా లేవు," అంటూ వదిన గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది. "నా వంతు నేను ఆడేస్తా. ఈ పూట ఆట నాదే!"

కాసేపటికి కంచె అవతల స్టిక్కు బంతికి తగిలిన టప్పుమనే శబ్దం. దాని వెనకే చెరువులో బుడుంగుమన్న చప్పుడు.

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు.

"మీరిద్దరూ ఏమీ వినలేదు!" కంచె అవతల నుంచి వకీలు గొంతు ఖంగుమంది.

"వినలేదు వదినా!" అని అరిచి, ఆమె ఆయన మెడ వెనక దాక్కున్న చీమను పట్టుకుంది.