కబ్ద్‌లో అడ్డు నిలిచినవాడు

కోనసీమ గంగులమ్మ గల్ఫ్ దేశంలో, సబా అల్ సలేం పేటలో ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో వంటమనిషి. ఆయనకు తమ దేశపు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అక్కడ ప్రొఫెషనల్ సీజన్ ముగిశాక క్యాసెట్లు తెప్పించుకుని చూసి, ఏటా స్నేహితులతో ఊరి బయట ఎడారిలోని కబ్ద్ తోటలో మధ్యాహ్నం విందు చేసేవాడు. బంతితో పరిగెత్తేవాళ్లకి కాదు, వాళ్లని అడ్డుకునేవాళ్లకే అక్కడ సన్మానం. ఆ ఏటి మేటి ఆటగాళ్ల పేరున గుడారంలో కుర్చీలు వేసి, ఒక్కోదానికీ ఆ ఆటగాడి చొక్కా తొడిగేవారు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో ఆ చొక్కాలు గంగులమ్మే ఇస్త్రీ చేసింది.

విందు మొదలవుతుండగా గాలి లేచింది. కాఫీ పళ్లెంతో వంటగది దాటబోయిన గంగులమ్మకు గుమ్మం నిండా ఒక మనిషి కనిపించాడు. నీలం చొక్కా. కుర్చీ మీదది ఎవరో అతిథి తొడుక్కున్నాడనుకుంది.

"కొంచెం దారివ్వండి సారూ," అంది.

ఎడమకు జరిగితే ఎడమకు జరిగాడు. కుడికి వస్తే కుడికి వచ్చాడు. బూట్లకు తడి మట్టి, పచ్చి గడ్డి. ఆ ఎడారిలో అలాంటి గడ్డి ఆమె ఎన్నడూ చూడలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

మరుక్షణం బయట ఇనుప నీళ్లట్యాంకు స్టాండుతో సహా గుమ్మం ముందు కూలింది. దుమ్ము తగ్గేసరికి అక్కడ ఎవరూ లేరు.

డ్రైవరు మహమ్మద్ గౌస్, వెనకాలే యజమానీ పరిగెత్తుకొచ్చారు. నీలం చొక్కా ఆయనెవరని ఆమె అడిగింది. గౌస్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే యజమాని మొహం పాలిపోయింది. నెమ్మదిగా ఏదో చెప్పాడు.

రాయచోటి గౌస్ గొంతు తగ్గించాడు. "ఆ చొక్కా ఆయప్ప నవంబర్లోనే సచ్చిపోయినాడంటక్కా, ఆటలోనే. అయినా ఈ సీజన్లో ఆయప్పంత బాగా అడ్డుకున్నోడు లేడని కుర్చీ ఏసినారంట."

గంగులమ్మ మళ్లీ కాఫీ కలిపి, గుడారంలోకి వెళ్లి నీలం చొక్కా ఉన్న కుర్చీ ముందు పెట్టింది.

"నన్ను ఎల్లనివ్వలేదండి మీరు. చల్లగా ఉండండి బాబూ," అంది.

ఆ భాష రాకపోయినా అమెరికన్లంతా లేచి నిలబడ్డారు. తలలు వంచుకున్నారు, ఎవరూ కుర్చీ వైపు చూడలేదు. ఆమె ఒక్కతే చూస్తూ ఉంది. కుర్చీ కిర్రుమంది. బరువైన మనిషెవరో కూర్చున్నట్టు, దాని కాళ్లు నాలుగూ మెల్లగా ఇసుకలోకి దిగాయి.