వేలి గుంట

మా అన్న శాంతయ్య కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కాను. గుంట పడింది. వేలు తీసి వంద దాకా అంకెలు లెక్కపెట్టాను. గుంట పూడలేదు.

"నొప్పిగా ఉందా?"

"లేదురా యాకోబూ. అదే బాగలేదు."

మార్కాపురం పలకల గనిలో పద్దెనిమిదేళ్లుగా మేమిద్దరం రాయి చీలుస్తున్నాం. సాయంత్రం ఉమ్మితే బూడిద రంగు. అందరికీ అంతే, ఎవరూ పట్టించుకోరు. ఆ ఎండాకాలం అన్నకు గని గట్టెక్కితే ఆయాసం మొదలైంది. తరవాత కాళ్లు వాచాయి. ఆ పైన పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు.

"నెత్తురు నీళ్లయిపోయింది. నెత్తురు పెడితేనే నెత్తురు పడతాది," అన్నాడు పొట్టేళ్లు కోసే మాలకొండయ్య. గడ్డ కట్టడానికి ఉప్పు వేసి వారం రోజులు పొట్టేలు నెత్తురు ముంతతో ఇచ్చాడు. నేనే తెచ్చాను. వదిన మగ్దలీనమ్మ ఇంకాస్త ఉప్పూ కారం వేసి, తలుపు మూసి వండేది. నెత్తురు తినరాదని పాస్టరుగారి మాట.

వాపు మోకాళ్లు దాటి తొడలకెక్కింది. మూత్రం రోజుకు చెంబెడు కూడా లేదు.

"తినగూడనిది పెట్టినా. నా పాపమే ఇది," అంది వదిన. ముంత తెచ్చిన చేతులు నావి.

ఎనిమిదో రోజు అన్న పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. బండి కట్టి మిషను ఆసుపత్రికి తీసుకుపోయాం. కాంపౌండరు కరుణాకరం రొమ్ము మీదా వీపు మీదా గొట్టం పెట్టి చాలాసేపు విని, మమ్మల్ని పక్కకు పిలిచాడు.

"కపిల తోలినావా ఎప్పుడన్నా?"

"తోలినా. ఎద్దుతో బావి నీళ్లు లాగించినా."

"మడికి పోయే కాలవలో రాతిపొడి మేట వేస్తే?"

"నీళ్లు ఎనక్కి తంతాయి. గట్లు ఊరతాయి."

"మీ అన్న ఊపిరితిత్తులు ఆ కాలవ. గుండె ఎద్దు. లాగి లాగి అలిసింది. ముందుకు పోవాల్సిన నెత్తురు ఎనక నిలిచి, నీరు కాళ్లలోకి ఊరతాంది. దాన్ని బయటికి తోసే మూత్రపిండాలకూ నెత్తురు చాల్లేదు. ఏం పెడతాండారు?"

చెప్పాను. వదిన తలెత్తకుండా, "పాపమేనా అయ్యా?" అంది.

"అది పాస్టరుగారిని అడుగు తల్లీ. నాకు తెలిసింది ఉప్పు. ఉప్పు ఒంట్లో నీళ్లను కదలనియ్యదు. ఉప్పుకుండ అటక మీద పెట్టు." చేదు మందు సీసా ఇచ్చాడు.

"మూడు దినాల్లో నీరు కదలకపోతే?" అన్నాను.

"మళ్లీ బండి కట్టే పనుండదు."

ఉప్పులేని సంగటి నోట పెట్టుకుని, "పశువుకైనా కుడితిలో ఇంత ఉప్పేస్తారే," అన్నాడు అన్న. వదిన నవ్వబోయి ఏడ్చింది. రెండో రోజూ గుంట అట్లాగే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం అన్న మూడుసార్లు మూత్రానికి దొడ్లోకి పోయి వచ్చాడు. సాయంత్రం నొక్కి చూస్తే నలభై లెక్కపెట్టేసరికి గుంట పూడింది.

మందుకు పోయినప్పుడు కరుణాకరాన్ని అడిగాను. "మరి దుమ్ము?"

"నీరు పోతాది. రాయి పోదు."

మర్నాడు గనికి పోయాను. అందరూ సద్దిమూటలు విప్పుతుంటే అటు తిరిగి కూర్చుని, పంచె ఎత్తి, నా కాలి మీద బొటనవేలు ఆనించాను. ఆనించి, చాలాసేపు నొక్కలేకపోయాను.